నోరు తెరిచి విన్న నవల

గౌరవనీయులైన సంపాదకుల వారికి,

ఒక కొత్త రచయిత నమస్కరించి రాసుకుంటున్న ఉత్తరం ఇది. కొత్త అన్నది మీకే గాని ఈ ఊరికి నేను కొత్త కాదు. మా వీధిలో ఏ చంటిపిల్ల దగ్గరైనా నా పేరు ఎత్తి చూడండి, అక్కడికక్కడే ఏడుపు అందుకుంటుంది. కరుణరసం మీద నాకున్న పట్టు అటువంటిది.

దీనితోపాటు పార్సిల్లో ‘వేళ్ళ దాకా వేదన’ అనే నా నవల పంపుతున్నాను. ఒక యువతి, ఆమెని ప్రేమించిన ఒక వైద్యుడు, ఇద్దరి మధ్యా చిన్న ఖాళీ. ఆ ఖాళీ చివరిదాకా పూడదు. ఇదీ కథ. ఇలా చెబితే చిన్నదిగా అనిపిస్తుంది గాని, పార్సిల్ మోసినవాళ్ళకి తెలుస్తుంది దాని లోతు.

రాసి పెట్టెలో దాచుకునే రకం కాదు నేను. ప్రతి అధ్యాయాన్నీ జనానికి వినిపించాకే ముందుకి సాగాను. సొంత డబ్బా అనుకోకపోతే ఒక్క మాట చెబుతాను. వింటున్నంతసేపూ ఒక్క మనిషి నోరు మూస్తే ఒట్టు. చాలామందికి కళ్ళవెంట ధారలు కట్టాయి. కొందరు కుర్చీ చేతులు పట్టుకున్న పట్టుకి వేళ్ళు తెల్లబడిపోయాయి. మధ్యలో లేచిపోయినవాడు లేడు. “బాగుందా?” అని అడిగితే “ఆ” అన్నవాళ్ళే గాని, “లేదు” అన్నవాణ్ణి ఇంతవరకు చూడలేదు.

మీరూ చదివి ఆ మాటే అంటారని నా నమ్మకం.

ఇట్లు,
తమ జవాబు కోసం కాచుకుని ఉన్న
డాక్టర్ ‘అగాధం’

తా.క.: ‘అగాధం’ నా కలంపేరు. మా ఆవిడ ఇంకో పేరు సూచించింది గాని, అది మర్యాదస్థులకి రాసే ఉత్తరంలో రాయదగ్గది కాదు.

•

డాక్టర్ అగాధం గారికి నమస్కారాలు.

మీ నవల చేరింది. మీ కృషి, ముఖ్యంగా మీ ఓపిక, అభినందనీయం. మీ సాహిత్య గోష్ఠులలో శ్రోతలు స్పందించిన తీరు చదివి ముచ్చటపడ్డాను. మా సభలకి వచ్చేవాళ్ళు వక్త గొంతు సవరించుకునేసరికే వరండాలోకి జారుకుంటారు. అంత కదలని శ్రోతల్ని ఎలా సంపాదించారో తెలియజేస్తే మా సంస్థకీ ఉపయోగపడుతుంది.

అయితే ప్రస్తుతం మా ప్రచురణ ప్రణాళికలో చోటు లేదని తెలియజేయడానికి విచారిస్తున్నాను. మీ రచనకి మరోచోట తగిన ఆదరణ లభిస్తుందని ఆశిస్తున్నాను.

డాక్టరేట్ ఏ విశ్వవిద్యాలయం నుంచి తీసుకున్నారో, ఏ కవి మీద పరిశోధించారో రాయలేదు. తెలుసుకోవాలని కుతూహలం, అంతే.

ఇట్లు,
సంపాదకురాలు

తా.క.: గాలికి టపటపా కొట్టుకునే మా గది తలుపుని మీ పార్సిల్ అడ్డుపెట్టి ఆపాం. ఎన్ని పుస్తకాలు పెట్టినా ఆగని తలుపు మీ నవలకి ఆగింది. ఇది పొగడ్తగానే స్వీకరించగలరు.

•

ప్రియమైన సంపాదకురాలు గారికి,

మీ ఉత్తరం చదివి మా ఆవిణ్ణి పిలిచాను, మళ్ళీ చదివి వినిపించాను. “కాదన్నారు కదండీ” అంది. దానికి సాహిత్య భాష తెలియదు. అందులో ‘కాదు’ అనే ముక్క ఎక్కడుందో చూపించమన్నాను. చూపించలేకపోయింది.

మీరన్నది ‘చోటు లేదు’ అని మాత్రమే. అమ్మా, చోటు లేకపోవడం నాకు రోజూ ఉండే పనే! చోటు లేనప్పుడు మేం ఏం చేస్తాం? కదులుతున్నదాన్ని ఒకదాన్ని చూసి పీకేస్తాం. పక్కనున్నవి వాటంతటవే సర్దుకుంటాయి. కాస్త రక్తం వస్తుంది, దూది పెట్టి అరగంట నొక్కి పట్టుకుంటే ఆగిపోతుంది. మీ ప్రణాళికలో పుచ్చిపోయిన పుస్తకం ఒక్కటైనా ఉండకపోదు. ధైర్యం చేసి పీకండి.

పరిశోధన ఏ కవి మీద అని అడిగారు. నేను ఏ కవి మీదా చెయ్యి వెయ్యలేదు. ఆమధ్య ఒక కవిగారి మీద వేశాను, ముందు పన్ను ఒకటి, పై వరసలోది. నేను పళ్ళ డాక్టర్ని.

శ్రోతల రహస్యం అడిగారు గదా, దాపరికమేముంది? మనిషిని కుర్చీలో వాల్చి, నోట్లో దూది, పక్కన ఉమ్మి పీల్చే గొట్టం పెట్టి, దీపం ముఖం మీదకి తిప్పుతాను. చేతులు పని చేసుకుపోతుంటాయి, నోరు నవల చదువుకుపోతుంటుంది. కాగితాలు మా ఆవిడ తిప్పుతుంది. మీ సంస్థ సభల్లో కూడా ఈ పద్ధతి పెట్టవచ్చు.

తలుపు మాట చదివి కళ్ళు చెమర్చాయి. సాహిత్యం తలుపులు తెరుస్తుందని విన్నాను గాని, మొదటి రోజే తెరుస్తుందనుకోలేదు.

తొందర లేదు, చోటు చేసుకునే రాయండి.

మీ రచయిత,
‘అగాధం’

తా.క.: మొన్న ఒకాయన చదువు మధ్యలో అదేపనిగా చెయ్యి ఊపాడు. ఆవేశం అనుకుని ఇంకో అధ్యాయం అందుకున్నాను. తీరా చూస్తే నా మోచెయ్యి ఆయన ముక్కు మీద ఉంది.

•

డాక్టరు గారికి,

పొరపాటు నాదే. మర్యాదగా చెబితే అర్థమవుతుందనుకున్నాను. ఇకమీదట సూటిగా చెబుతాను.

మీ నవల చదివాను. ఉద్యోగం గనక చదివాను. మీ కథానాయికలో ప్రాణం లేదు. ఆమె కళ్ళు ఎలా ఉంటాయో, నడక ఎలా ఉంటుందో, ఏ మాటకి కోపమొస్తుందో ఎక్కడా లేదు. పళ్ళు మాత్రం ఉన్నాయి. ‘ఆమె కింది దవడలో ఎడమవైపు నుంచి నాలుగోది వెన్నెలలో తళుక్కుమంది’ అని రాశారు. కథానాయకుడు ప్రేమలేఖలో ‘ప్రాణమా, పడుకునే ముందు తీపి ముట్టకు’ అంటాడు. ఇక ప్రతినాయకుడు మిఠాయి కొట్టువాడు. అతను చేసిన పాపమేమిటో చివరి పేజీ దాకా వెతికాను. మిఠాయిలు అమ్మాడు, అంతే.

కథకి పట్టు లేదు. ఉన్నదాంట్లో సగానికి సగం తీసేసినా పాఠకుడికి నష్టం లేదు. మిగతా సగం కూడా తీసేస్తే లాభం.

కుర్చీలో కట్టిపడేసినవాళ్ళ ‘ఆ’ ఆమోదం కాదు. అది నోరు తెరవమంటే వచ్చే శబ్దం. ఇంతకన్నా వివరంగా చెప్పడం నాకు చేతకాదు.

ఇట్లు,
సంపాదకురాలు

తా.క.: ఎలాగూ పళ్ళ డాక్టరన్నారు గనక అడుగుతున్నాను, దీనికీ నవలకీ సంబంధం లేదు. మా సంస్థ యజమానికి దవడ పన్ను ఒకటి నెలల తరబడి సలుపుతోంది. డాక్టరు దగ్గరికి వెళ్ళమంటే వణికిపోతారు. జావ తాగి, చెంప పట్టుకుని, వచ్చిన ప్రతి రాతప్రతినీ ‘చెత్త’ అని విసిరేస్తున్నారు. ఇంట్లోనే ఏదైనా మందు వేసుకుంటే తగ్గుతుందా?

•

సంపాదకురాలు గారికి మీ రచయిత వేల నమస్కారాలు.

నా రాతని ఇంత శ్రద్ధగా చూసినవాళ్ళు మీరొక్కరే. వైద్యుడికి రోగి దొరికినట్టు, రచయితకి మీరు దొరికారు. చెప్పినవన్నీ నా దగ్గరున్న నకలులో చేసేశాను.

కథానాయికలో ప్రాణం లేదన్నారు. నిజమే, ఆవిడ మూడో అధ్యాయంలోనే పోయింది. ఎంత నిశితంగా చదివారు! మీ మాట కాదనలేక బతికించాను. అయితే తరవాతి అధ్యాయాలన్నీ ఆమె కోసం ఏడ్చేవి. వాటిని మళ్ళీ రాసే తీరిక ఎక్కడిది? అందుకని ఆమె కూడా వచ్చి, తన శవం పక్కనే కూర్చుని, అందరితోపాటు ఏడుస్తుంది. కరుణరసం రెట్టింపయింది.

పట్టు లేదన్నారు. పట్టుకారు ఒకటి పెట్టాను. కథానాయకుడి జేబులో ఎప్పుడూ ఉంటుంది.

సగం తీసెయ్యమన్నారు గాని, ఏ సగమో చెప్పలేదు. నేను కాగితానికి రెండువైపులా రాస్తాను గనక, వెనకవైపులన్నీ కొట్టేశాను. కథ ఇప్పుడు గెంతుకుంటూ పోతోంది. ఒక పేజీలో పెళ్ళిచూపులు, తిప్పగానే కోర్టులో సాక్ష్యం. మా బావమరిదికి వినిపిస్తే “ఆ... ఆ...” అన్నాడు. చాలా ఆధునికంగా ఉందని దాని భావం.

మిఠాయి కొట్టువాడి మీద మీరు జాలిపడ్డారు. మీ కోసం అతనికి చివర్లో పళ్ళన్నీ ఊడగొట్టించి, పశ్చాత్తాపపడేలా చేశాను.

ఇక మీ యజమానిగారి పన్ను సంగతి. ఇంట్లో మందులు వేసుకుంటే కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిన చందమవుతుంది. వెంటనే నా దగ్గరికి పంపండి. నా చేతిలో నొప్పి తెలిసిందన్నవాడు లేడు. నొప్పి విషయంలో మాత్రం వాళ్ళు లేచి కూర్చున్నాక, నోరు కడుక్కున్నాకే అడుగుతాను.

క్లినిక్ బయట బోర్డు కూడా మార్పించాను. నా పేరు కింద ‘పళ్ళ వైద్యులు, త్వరలో నవలా రచయిత’ అని.

ఇట్లు,
దిద్దుబాటుకి ఎప్పుడూ సిద్ధంగా ఉండే
‘అగాధం’

తా.క.: అమ్మా, ఇది నేను, డాక్టరు గారి భార్యని రాస్తున్నాను. పోస్టులో వేసి రమ్మని కవరు నా చేతికిచ్చారు, అందుకని ఈ అవకాశం. ఆయన చెయ్యి బంగారమమ్మా. పన్ను తీస్తే తీసినట్టే తెలీదు. కాని నవల అందుకున్నారంటే లేని పళ్ళు కూడా సలుపుతాయి. ఎదురుగా ఇంకో డాక్టరు వచ్చాడు. ఆయనది మోటు చెయ్యి. అరుపులు మా దాకా వినిపిస్తాయి. అయినా మా రోగులంతా అటే పోతున్నారు. ఎందుకమ్మా అని అడిగితే, “అక్కడైతే ఒక్క నొప్పే కదండీ” అన్నారు. దయచేసి ఈ నవల తీసుకుంటే తీసుకోండి, లేకపోతే తల బద్దలయ్యేలా కాదనండి. మీ మెత్తమెత్తని ఉత్తరాల మధ్య మా సంసారం నలిగిపోతోంది.

•

డాక్టరు గారికి,

ముందుగా మీ శ్రీమతి గారు అడిగినట్టు: మీ నవల మేము వెయ్యం. ఇప్పుడు వెయ్యం, చోటు దొరికినా వెయ్యం, కథానాయిక బతికినా చచ్చినా వెయ్యం. ఈ సంస్థలో పుస్తకం అచ్చవడానికి ఒకటే దారి, అది బాగుండటం. నేనిక్కడ ఉన్నంతకాలం పక్కదారి లేదు.

అమ్మా, మీరు చదువుతున్నారని తెలుసు. ఇంతకన్నా గట్టిగా రాస్తే కాగితం చిరుగుతుంది.

ఇప్పుడు ఇంకో సంగతి. మీ ఉత్తరం నా బల్ల మీద తెరిచి ఉంది. మా యజమాని టీ కప్పు వెతుక్కుంటూ వచ్చి, ‘నా చేతిలో నొప్పి తెలిసిందన్నవాడు లేడు’ అన్న ముక్క చూశారు. అంతవరకే చదివారు. పైనున్న నవల గొడవ చదవలేదు, కింద శ్రీమతి గారు రాసిందీ చదవలేదు. రాతప్రతులు కూడా ఆయన ఇలాగే చదువుతారు. “ఈయన ఎక్కడుంటాడమ్మా?” అన్నారు. నేను నోరు తెరిచేలోపు కవరు వెనక ఉన్న అడ్రసు చించుకుని, చెంపకి రుమాలు కట్టుకుని బయల్దేరిపోయారు.

ఈ ఉత్తరం ఆయన కన్నా ముందు చేరాలని ప్రార్థిస్తున్నాను. దయచేసి పన్ను మాత్రమే చూడండి. నవల ఊసెత్తకండి. ఆయన నోరు తెరిచిన వెంటనే మీరు నోరు మూసుకోండి.

ఆందోళనతో,
సంపాదకురాలు

తా.క.: ఆయన మీ ఊరు చేరేలోగా మనసు మార్చుకుని దారిలోనే దిగిపోయే అవకాశం ఉంది. కిందటిసారి ఆస్పత్రి మెట్ల దాకా వెళ్ళి, తను పరామర్శకి వచ్చానని చెప్పి, ముక్కూమొహం తెలియని ఒకాయన మంచం పక్కన కాసేపు కూర్చుని వచ్చేశారు.

•

నా సంపాదకురాలు గారికి,

శుభవార్త! మీ ఉత్తరం మీ యజమానిగారు వెళ్ళిపోయాక అందింది. అందువల్ల అందులోని విషయాలకి ఇప్పుడు కాలం చెల్లింది. జరిగింది జరిగినట్టు రాస్తాను.

ఆయన వచ్చేసరికి క్లినిక్ ఖాళీగా ఉంది. ఈమధ్య అలాగే ఉంటోంది, ప్రశాంతంగా. గుమ్మం పట్టుకుని లోపలికి రారే! “డాక్టరు గారూ, నిజం చెప్పండి, నొప్పి పుడుతుందా?” అన్నారు.

“నా చేతిలో పుట్టదండీ. పుడితే చెయ్యెత్తండి, ఆపేస్తాను.”

“కొడతారా, తొలుస్తారా?”

“ముందు కూర్చోండి.”

మా ఆవిడ మంచినీళ్ళిచ్చి, గుమ్మం నుంచి ఆయన వేళ్ళు ఒక్కొక్కటీ విడదీసి, కుర్చీలో కూర్చోబెట్టింది. చూస్తే పన్ను లోపల నరం దాకా పుచ్చింది. మత్తు సూది వేశాను. కళ్ళు గట్టిగా మూసుకుని “ఎప్పుడు వేస్తారు?” అన్నారు. “వేసేశానండీ” అన్నాను. ఒక కన్ను తెరిచి చూశారు. ఆ చూపులో భక్తి కనిపించింది.

కాసేపటికి పెదవి మొద్దుబారింది, నోటినిండా దూది పెట్టాను. ఇక ఆయన మాట్లాడలేని స్థితి, నాకు మాట్లాడక తప్పని స్థితి. మా ఆవిడకి సైగ చేశాను. “వద్దండీ, మీకు దణ్ణం పెడతాను” అంది. కాగితాలు నేనే తీసి దీపం కాడకి తగిలించుకుని, కథానాయిక తన శవం పక్కన కూర్చుని ఏడ్చే ఘట్టం అందుకున్నాను.

ఏం చెప్పమంటారు! ఆయన భుజాలు కదిలిపోయాయి. కళ్ళవెంట నీళ్ళు. పొట్ట ఎగిరెగిరి పడింది. అంత దుఃఖం ఏ శ్రోతలోనూ చూడలేదు.

“ఎలా ఉందండీ?” అన్నాను.

“ఆ.”

“అచ్చు వేస్తారా?”

“ఆ... ఆ...”

“ఒక భాగంగానా, రెండు భాగాలుగానా?”

ఆయన రెండు చేతులూ ఎత్తేశారు. రెండు భాగాలు.

“వద్దంటున్నారేమోనండీ, పాపం” అంది మా ఆవిడ. “వద్దంటే ‘వద్దు’ అనాలి కదుటే. అందులో ‘ద్దు’ నీకెక్కడైనా వినపడిందా?” అన్నాను. నుదురు కొట్టుకుని ఉమ్మి గొట్టం సరిచేసింది.

పనయ్యాక లేచి, పుక్కిలించి ఉమ్మి, అద్దంలో చూసుకుని, చెంప తట్టి చూసుకున్నారు. “అయిపోయిందా? నొప్పే తెలీలేదయ్యా!” అని నన్ను కావలించుకున్నారు.

“ఈ పూటకి అయిందండీ. నరం తీశాను. పైన తాత్కాలికంగా మూశాను. మళ్ళీ ఒకసారి వస్తే లోపల పూర్తిగా నింపి తొడుగు వేస్తాను. మరి తమరు మాటిచ్చారు...”

“ఏం మాట?”

“నవల వేస్తామని ‘ఆ’ అన్నారు.”

ఆయన నా వంక చూశారు. పళ్ళెంలో ఉన్న పనిముట్ల వంక చూశారు. కిటికీలోంచి ఎదురు డాక్టరు గదిలో ఎవరో పెట్టిన కేక వినిపించింది.

“అన్నానా?” అన్నారు.

“అన్నారండీ. మా ఆవిడ సాక్షి.”

“మళ్ళీ రావాలన్నారు కదూ?”

“తప్పదండీ. వదిలేస్తే మళ్ళీ మొదటికొస్తుంది.”

“అయితే అన్నాను” అన్నారు.

అంతే. దిద్దిన ప్రతి ఆయన చేతికే ఇచ్చి పంపాను. ముఖచిత్రం సంగతి మీకే వదిలేస్తున్నాను. కథానాయిక నవ్వుతూ ఉంటే చాలు.

మీ సంస్థ రచయిత,
‘అగాధం’

తా.క.: అమ్మా, నేను. ఆయన ఏడవలేదు, నవ్వాపుకోలేక చచ్చారు. నేను పక్కనే ఉన్నాను. దూది మింగేస్తారేమోనని హడలిపోయాను. ఈయనకి మాత్రం చెప్పకండి.

•

డాక్టరు గారికి,

మా యజమాని వచ్చారు. మెట్లెక్కుతూ ఈల వేశారు. పెదవి ఇంకా మొద్దుగా ఉండటాన సగం ఈల సగం గాలి. జావ గిన్నె పక్కకి తోసి, బిస్కెట్లు తెప్పించుకుని కరకరా నమిలారు. తరవాత నన్ను పిలిచి “డాక్టరు గారి నవల వేసేద్దామమ్మా” అన్నారు.

నాకు చెప్పగలిగినంత చెప్పాను. “చచ్చిన మనిషి తన శవం పక్కన కూర్చుని ఏడుస్తుందండీ అందులో” అన్నాను. “అవును, భలే ఉంది” అన్నారు. “నవ్వించాలని రాసింది కాదండీ అది” అన్నాను. “ఆ సంగతి కొనేవాడికి మనం చెబుతామా?” అన్నారు. “మన సంస్థ పరువేం కావాలి?” అన్నాను. అప్పుడు చెంప మీద చెయ్యి వేసుకుని, “చూడమ్మా, నా పన్ను సగంలో ఉంది. మిగతా సగం ఆయన చేతిలో ఉంది. మనం బంధువులవి వేశాం, అధికారులవి వేశాం, మా ఆవిడ స్నేహితురాలి ప్రయాణ విశేషాలు వేశాం. పళ్ళూడగొట్టుకోవడానికి ఏ రాయైతేనేం?” అన్నారు.

కాబట్టి మీ నవల అచ్చవుతుంది. ఒకటే భాగం. రెండు చేతులకి అర్థం అది కాదని ఆయన ప్రత్యేకంగా చెప్పమన్నారు. అట్ట మీద ‘హాస్య నవల’ అని ఉంటుంది. మీరు దుఃఖపడకండి, దుఃఖపడితే దాని గురించి మాత్రం రాయకండి. ఇంకో షరతు: అచ్చుకి ఒప్పుకున్న నవలని బయట ఎవరికీ చదివి వినిపించకూడదు. కుర్చీలో ఉన్నవాళ్ళకి అసలే కూడదు. ఈ నిబంధన నేనే చేర్చాను, మీ శ్రీమతి గారి కోసం. మీ క్లినిక్ మళ్ళీ నిండితే ఆ పుణ్యం నాది.

నవల మీద నా అభిప్రాయం మారలేదు. ముందు ఎంత అధ్వాన్నంగా ఉందో, నా సలహాలు పాటించాక అంతకన్నా అధ్వాన్నమయింది. దాన్ని దిద్దేది మళ్ళీ నేనే. రేపటినుంచి మొదలు.

నిన్న మీ కాగితాలు ముందేసుకుని చాలాసేపు ఊరికే కూర్చున్నాను. ఒక పక్కన కోపం, ఒక పక్కన నవ్వు. తరవాత లేచి, అలమరలో అట్టడుగున ఉన్న అర తెరిచాను.

డాక్టరు గారూ, నాకూ ఒక నవల ఉంది. బట్టలు కుట్టే ఒక ఆవిడ కథ. మీలా ఎవరికీ వినిపించలేదు. ఈ ఉద్యోగంలో చేరిన కొత్తలో యజమానికి చూపించాను. పేజీలు అటూ ఇటూ తిప్పి, “బాగా రాశావమ్మా. కాని నువ్వు రాయడం మొదలెడితే మిగతావాళ్ళవి దిద్దేదెవరు?” అన్నారు. అప్పుడు నేను నవ్వి ఊరుకున్నాను. తరవాతెప్పుడో మళ్ళీ అడిగితే కాగితం దొరకడం లేదన్నారు. ఆ వారమే ఆ స్నేహితురాలి ప్రయాణ విశేషాలు అచ్చుకి వెళ్ళాయి, మెరిసే కాగితం మీద. ఆ పుస్తకాన్ని దిద్దింది నేనే. ఆ తరవాత అడగడం మానేశాను. అడగడం మానేశాక, వచ్చేవాళ్ళందరికీ ‘చోటు లేదు’ అని రాయడం సులువైంది. మీకు రాసినట్టే.

ఇంతకీ విషయం ఏమిటంటే, మా యజమాని వచ్చే వారం మీ దగ్గరికి మళ్ళీ వస్తున్నారు. మత్తు ఎక్కాక, దూది పెట్టాక, మొదటి అధ్యాయం చదవండి. మీది కాదు, వేరే పార్సిల్లో వస్తున్నది. నింపాదిగా, కామాల దగ్గర ఆగుతూ చదవండి. మీ గొంతులో కన్నీళ్ళు తగిలించకండి, అది నవ్వొచ్చే అధ్యాయం. పళ్ళ ప్రస్తావన ఒక్కచోట కూడా లేదు, అందుకు క్షమించండి. ఎక్కడైనా కలపాలనిపిస్తే చెయ్యి బిగబట్టుకోండి.

చదివాక మీ అలవాటు ప్రకారం అడగండి. మీ శ్రీమతి గారు సాక్షిగా ఉండాలి.

ఇట్లు,
మీ తోటి రచయిత్రి

తా.క.: ఆయన చెయ్యెత్తితే మిషను ఆపండి. చదవడం మాత్రం ఆపకండి.